మీ ఒంట్లో ఒకే డీఎన్ఏ ఉందని ఎవరన్నారు?

నమస్తే అందరికీ. ముందు ఈ కాయ చూడండి. నార్పల దగ్గర మా చిన్నాయన తోటలో పొద్దున కోసిన చీనీ కాయ, అదే బత్తాయి. చుట్టూ మామూలు తొక్కే. కానీ తొడిమ నుంచి అడుగు దాకా ఒకటే పట్టీ, వేలెడు వెడల్పు. రంగు వేరు, గరుకు వేరు. కోస్తున్నా చూడండి... ఆ పట్టీ కింద తొక్క రెట్టింపు మందం ఉంది. పక్కన మాత్రం పల్చగానే ఉంది. ఒకే కాయలో!

పోయిన వీడియోలో ఈ చెట్టే చూపించినాను. ఒక్క కొమ్మకే కాయలు తేడాగా వస్తున్నాయి. "నర్సరీవాడు కల్తీ అంటు అంటగట్టినాడప్పా" అని చిన్నాయన ఒకటే కోపం. మీలో సగం మంది ఆయన పక్షమే. నేను కాదన్నాను. ఈరోజు ఇంకా గట్టిగా కాదంటున్నాను.

ఎందుకంటారా? కల్తీ అంటు అయితే చెట్టంతా తేడాగా రావాలి. అంటు కింద నుంచి చిగురు లేచిందా అంటే, అది కింద వేరుకు వాడిన నిమ్మ జాతి ఆకు, ముల్లు వేస్తుంది. ఈ కొమ్మ నా ఛాతీ ఎత్తులో, మంచి చీనీ కొమ్మ మధ్యలోంచి పుట్టింది. ఎప్పుడో ఒక మొగ్గలో ఒక్క కణం డీఎన్ఏలో, అంటే ఆ కణం ఎట్లా పెరగాలో రాసి ఉన్న రాతలో, ఒక అక్షరం మారింది. ఆ కణం పిల్లలు పెట్టింది, ఆ పిల్లలు కొమ్మ అయినాయి. అంతే కథ. 1929లో అమెరికాలో, టెక్సస్‌లో, గులాబీ కండ కాసే గ్రేప్‌ఫ్రూట్ (పంపరపనస లాంటి పండు) చెట్టు మీద ఇట్లాగే ఎర్ర కండ కాయ దొరికింది. వాళ్ళు నర్సరీని తిట్టుకుంటూ కూర్చోలేదు. ఆ కొమ్మ నుంచి అంట్లు కట్టినారు, రూబీ రెడ్ అని పేరు పెట్టి పేటెంట్ తీసుకున్నారు!

చెట్టు ఒకటే, డీఎన్ఏ ఒకటి కాదు. మీరూ అంతే. మళ్ళీ చెప్తున్నా, మీ ఒంట్లో ఒకే డీఎన్ఏ లేదు.

డీఎన్ఏలో ఈ మార్పునే మ్యుటేషన్ అంటారు. ఆ మాట వింటే మనకు తహశీల్దార్ ఆఫీసే గుర్తొస్తుంది, పాస్‌బుక్కులో పేరు మార్పు. ఇదీ రికార్డులో మార్పే, కాకపోతే దీనికి అర్జీ పెట్టాల్సిన పని లేదు. కణం రెండుగా చీలేటప్పుడు కాపీలో తప్పు పడుతుంది. ఎండ పడితే తప్పు, పొగ తాగితే తప్పు, ఏమీ చేయకపోయినా కొన్ని అక్షరాలు వాటంతటవే చెడిపోతాయి. ఎక్కువ భాగం కణం సరిచేసుకుంటుంది. మిగిలినవి పోగుపడతాయి. 2015లో ఇంగ్లండ్ సైంటిస్టులు నలుగురి కనురెప్పల చర్మం పరీక్షించినారు. ఏ జబ్బూ లేని చర్మం. అందులో సుమారు నాలుగో వంతు కణాల్లో క్యాన్సర్‌కు దారితీసే రకం మార్పులున్నాయి. క్యాన్సర్ మాత్రం లేదు. మరి అనంతపురం ఎండలో వేరుశనక్కాయ పీకే మా అత్తల చర్మంలో ఎంత రాసి ఉంటుందో!

రోజూ ఒక ప్యాకెట్ సిగరెట్ తాగితే, ఏడాదికి ఊపిరితిత్తుల్లో ఒక్కో కణానికి సగటున 150 కొత్త మార్పులు. అన్నా, బస్టాండ్ దగ్గర టీ కొట్టు ముందు నిలబడి ఇది చూస్తున్నావు కదా, ఆ లెక్క నీదే. పడేయ్ దాన్ని. మానేసిన వాళ్ళ గాలి గొట్టాల్లో మంచి కణాలు మళ్ళీ పెరిగి చోటు తీసుకుంటాయని 2020లో తేలింది.

ఇప్పుడు నా అసలు మాట. 2022లో పదహారు రకాల జంతువుల పేగుల్లో ఒక్కో కణానికి ఎన్ని మార్పులో లెక్కపెట్టినారు. చిట్టెలుకకు ఏడాదికి దాదాపు 800. మనిషికి 47. జిరాఫీకి 99. ఆఫ్రికాలో నేల కింద బతికే వెంట్రుకల్లేని ఎలుక ఉంది, అరచేతిలో పడుతుంది, ముప్పై ఏళ్ళు దాటి బతుకుతుంది. దానికి 93! సైజుతో పని లేదు, ఆయుష్షుతోనే పని. జీవితం చివరికి లెక్క చూస్తే సగటున మూడు వేల చిల్లర, జంతువుకూ జంతువుకూ తేడా మూడు రెట్ల లోపే. చిట్టెలుక మూడు నాలుగేళ్ళలో ఖర్చు పెట్టింది, మనం ఎనభై ఏళ్ళు సర్దుకున్నాం. రేషన్ కోటా లాగా. ముసలితనం అంటే ఏళ్ళు కాదు, కోటా అయిపోవడం. ఇది నా నమ్మకం. కాకతాళీయం అంటే నేను ఒప్పుకోను. ఇన్ని జంతువుల్లో ఒకే దారిన లెక్క పోతుంటే కాకతాళీయం ఎట్లా అవుతుందప్పా?

మన ఒంట్లో ఈ మార్పు మనతోనే పోతుంది, పిల్లలకు పోయేది అండం, వీర్యకణంలో ఉన్నదే. చెట్టుకు అట్లా కాదు. మారిన కొమ్మ మీదే పువ్వు పూస్తుంది, అంటు కట్టినా ఆ మార్పే వస్తుంది. అందుకే నిన్న సాయంత్రం చిన్నాయన రంపం పట్టుకొని ఆ కొమ్మ దగ్గరికి పోతుంటే పరిగెత్తి చెయ్యి పట్టుకున్నాను. "చిన్నాయనా, ఇంకో కాపు చూద్దాం, గింజ తగ్గిందా, రసం పెరిగిందా చూద్దాం" అన్నాను. రంపం కింద పెట్టినాడు, గొణుక్కుంటూనే. కొమ్మకు ఎర్ర గుడ్డ కట్టినాను, అదిగో వెనక కనపడుతోంది. వచ్చే కాపు కాయ కూడా ఇదే కెమెరా ముందు కోస్తాను.