కార్డు పలకలేదంటే మనిషి రాలేదని కాదు

వేదిక మీదున్న పెద్దలకు, ప్రిన్సిపాల్ గారికి, పాలిటెక్నిక్ పిల్లలందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పుకుంటూ పోతే నాకిచ్చిన పావుగంట దానికే సరిపోతుంది. పెద్దలు మన్నించాలి.

నాకిచ్చిన అంశం నిత్యజీవితంలో వైర్‌లెస్ గుర్తింపు పరికరాలు. కారు అద్దానికి అంటించే ఫ్యాస్టాగ్, మెట్రో కార్డు, లైబ్రరీ పుస్తకంలో ఉండే ట్యాగు, ఆఫీసు పంచింగ్ కార్డు, అన్నీ ఒకే కుటుంబం. వీటిలో బ్యాటరీ ఉండదు. గోడకున్న రీడర్‌లోని తీగచుట్ట 13.56 మెగాహెర్ట్జ్‌తో అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. దగ్గరికొచ్చిన కార్డులోని చుట్టలో దానివల్లే కాస్త కరెంటు పుడుతుంది. ఆ కరెంటుతో చిప్పు మేలుకుని తన నంబరు చెబుతుంది. ఫ్యాస్టాగ్ 865-867 మెగాహెర్ట్జ్ బ్యాండులో పనిచేస్తుంది, గేటు నుంచి వచ్చిన రేడియో తరంగాన్నే తన నంబరు కలిపి వెనక్కి తిప్పుతుంది. అందుకే దానికి అంత దూరం అందుతుంది.

బ్యాటరీ లేకుండా పలకడం కొత్తేమీ కాదు. 1945లో సోవియట్ పిల్లలు అక్కడి అమెరికా రాయబారి హారిమన్‌కు చెక్కతో చెక్కిన అమెరికా అధికార ముద్రను బహూకరించారు. దాన్ని మాస్కోలో రాయబారి నివాసంలో గోడకు తగిలించారు. లోపల థెరెమిన్ అనే రష్యన్ శాస్త్రవేత్త తయారుచేసిన, మాటలు వినే పరికరం ఉంది. బయటి నుంచి రేడియో తరంగం వేసినప్పుడే అది పనిచేసేది, గదిలో మాటలు బయటికి చేరేవి. 1952లో గానీ బయటపడలేదు. తరంగం ఆపేస్తే అది ఉత్త చెక్కముక్కే. ఇక్కడే నేను చెప్పదలచుకున్న మాట ఉంది.

పదేళ్ల కిందట మా వీధిలో ఒకావిడ ఓ ఆఫీసులో ఊడ్చే పని చేసేది. తెల్లవారి అయిదున్నరకల్లా బయలుదేరేది. ఒక నెల జీతంలో నాలుగు రోజులు కోశారు. "ఒక్క పూటా మానలేదు మాస్టారూ. ఆ నాలుగు రోజులూ మెట్లు కడిగిందెవరో అడగండి" అని కార్డు నా చేతిలో పెట్టింది. మా ల్యాబ్‌లో రీడర్ మీద పెట్టి చూశాను. కాస్త వంచి పట్టుకుంటే పలుకుతోంది, వదిలేస్తే లేదు. వెనక టార్చి వేస్తే రాగి చుట్టలు నీడలా కనిపించాయి, చిప్పు పక్కన తెల్లటి మడత గీత. నీళ్లలో తడుస్తుందని ఆమె కార్డును రొంటిన దోపుకునేది. వంగి ఊడ్చిన ప్రతిసారీ కార్డూ వంగింది.

ఆమెతో కలిసి ఆఫీసుకు వెళ్లాను. కంప్యూటర్ ముందున్న కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. "సార్, సిస్టమ్‌లో ఆబ్సెంట్ అని ఉంది." మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ అదే మాట. కార్డు చూపించాను. కొత్త కార్డిచ్చారు, దానికి నూట యాభై కోశారు. నాలుగు రోజుల జీతం రానే లేదు.

పిల్లలూ, మనిషి రాకపోయినా రీడర్‌కు వినిపించేది నిశ్శబ్దమే. వచ్చిన మనిషి కార్డులో తీగ తెగినా నిశ్శబ్దమే. రెంటికీ తేడా దానికి తెలియదు, తెలిసే దారీ లేదు. ఆ నిశ్శబ్దానికి "ఆబ్సెంట్" అని పేరు పెట్టింది ప్రోగ్రాం రాసినవాడు. "కార్డు చదవలేదు" అని రాసి ఉంటే, ఆ కుర్రాడు మేస్త్రిని పిలిచి అడిగేవాడు.

వెనక బెంచీల వాళ్లు వింటున్నారా? రేపు ఆ ప్రోగ్రాం రాసేది మీరే. "నేను వచ్చాను" అని మనిషి చెప్పుకోవడానికి ఒక గడి పెట్టండి. దాన్ని చూసి సంతకం పెట్టే మనిషినీ పెట్టండి. చేతులెత్తి అడుగుతున్నాను.

ఆ పాత కార్డు ఆవిడ నన్నే ఉంచుకోమంది, ఇదిగో. ముందు వరసవాళ్లు అందుకోండి. ఫోన్ టార్చి వెనక పెట్టి ఆ మడత గీత చూసి, పక్కవాళ్లకివ్వండి. చివరి బెంచీ దాకా వెళ్లాలి.