కోరం కుదిరాకే దాడి

శ్రోతలందరికీ నమస్కారం.

గుంటూరు మిర్చి యార్డు పక్కనుంచి వెళ్ళేవారికి కళ్ళు మూసుకున్నా లోపల సరుకు ఎంత దిగిందో ముక్కే చెప్పేస్తుంది. ఒక్క టిక్కీ, అంటే ఒక్క మిర్చి బస్తా ఘాటు గాలిలో కలిసిపోతుంది. వేల టిక్కీలు దిగిన రోజున ఆటోలో వెళ్ళేవాళ్ళు కూడా కొంగు అడ్డం పెట్టుకుంటారు. తాము ఎన్ని ఉన్నదీ బాక్టీరియా తెలుసుకునే పద్ధతి కూడా ఇదే.

ప్రతి కణమూ ఒక రసాయనాన్ని కొద్దికొద్దిగా బయటికి వదులుతుంటుంది. కణాలు తక్కువైతే అది చెదిరిపోతుంది, గుంపు పెరిగితే చిక్కబడుతుంది. చిక్కదనం ఒక హద్దు దాటగానే, అంతవరకూ నిద్రపోతున్న జన్యువులు అన్ని కణాల్లోనూ దాదాపు ఒకేసారి మేల్కొంటాయి. 1970లో నీల్సన్, హేస్టింగ్స్ తదితర శాస్త్రవేత్తలు సముద్రంలో వెలుగునిచ్చే బాక్టీరియాలో దీన్ని గమనించారు. పలచగా ఉన్నంతసేపూ చీకటే, గుంపు కట్టాక వెలుగు. మీటింగుకి కోరం, అంటే కనీసం ఇంతమంది, కావాలంటాం కదా, ఆ మాటతోనే 1994లో దీనికి కోరం సెన్సింగ్ అన్న పేరు వచ్చింది.

వెలుగుతో మనకు బాధ లేదు. రోగాలు తెచ్చే బాక్టీరియా కూడా ఈ లెక్కే చూసుకుంటాయి, అక్కడే వస్తుంది చిక్కు.

మా నాన్నగారికి షుగర్. కాలికి పుండు పడితే నెలన్నర విజయవాడలో ఆసుపత్రి చుట్టూ తిరిగాం. ఓ రోజు కట్టు విప్పితే గుడ్డ మీద నీలం కలిసిన ఆకుపచ్చ మరక కనిపించింది. పిల్లలకు మైక్రోబయాలజీ పాఠం చెప్పేవాణ్ణే, అయినా గుండె జారిపోయింది. ఆ రంగు సూడోమోనాస్ బాక్టీరియా చేసే పయోసయనిన్ అనే పదార్థానిది. నాలుగు కణాలున్నప్పుడే ఆ బాక్టీరియా విషం కక్కితే మన తెల్ల రక్తకణాలు పసిగట్టి మింగేస్తాయి. అందుకే అణిగి ఉంటుంది. బలగం చేరాక కండను కరిగించే ఎంజైములు వదులుతుంది, మందు సులువుగా దిగని జిగురు పొర కట్టుకుంటుంది. డాక్టర్లు కుళ్ళిన భాగాన్ని గీకి తీసేస్తుంటే చూడలేక నేను బయటికి వచ్చేసేవాణ్ణి. ఆ పొర చెదిరేదీ, ఆ గుంపు పలచబడేదీ ఆ గీకుడుతోనేనని నాకు తెలుసు. తెలిసినా చూడలేకపోయాను.

చీము గడ్డలు లేపే స్టెఫైలోకాకస్ కూడా మంద పెరిగాకే విషాలు ఎక్కువగా వదులుతుంది.

కలరా క్రిమి తీరు వేరు. నన్నడిగితే ఈ కథలో అసలు వింత ఇదే. ఇది కొద్ది సంఖ్యలో ఉన్నప్పుడే చిన్నపేగు గోడకు అతుక్కుని విషం తయారుచేస్తుంది. ఆ విషం ఉందని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే అనే శాస్త్రవేత్త నిరూపించారు. ఒంట్లోని నీరంతా పేగులోకి లాగేసేది అదే. తీరా గుంపు పెరిగిందని సంకేతం అందగానే క్రిమి విషాన్ని ఆపేస్తుంది, పట్టు వదిలించే ఎంజైమును చేసుకుంటుంది, విరేచనాలతో కోట్ల సంఖ్యలో బయటపడి మళ్ళీ నీళ్ళలోకి చేరుతుంది. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ చూస్తూ పెరిగినవాణ్ణి, ఈ చివరి అడుగు దగ్గరే నా ఆలోచన ఆగిపోతుంది. సూడోమోనాస్‌కు గుంపు కట్టడం దాడికి సైగ, కలరాకు అదే ప్రయాణానికి సైగ.

యాంటీబయాటిక్ క్రిమిని చంపుతుంది, తట్టుకుని మిగిలినవి పెరిగి మందుకు లొంగకుండా పోతాయి. చంపకుండా వాటి మాటను, అంటే ఆ రసాయన సంకేతాన్ని మాత్రం చెరిపేస్తే? మట్టిలో ఉండే కొన్ని బాసిల్లస్ బాక్టీరియా ఇదే పని చేస్తున్నాయి, సూడోమోనాస్ వాడేలాంటి సంకేతాన్ని ముక్కలు చేసే ఎంజైము వాటి దగ్గరుంది. ఆస్ట్రేలియా తీరపు ఒక ఎర్ర సముద్రపు నాచు, సంకేతం అందకుండా అడ్డుపడే రసాయనాలు తయారుచేస్తుంది.

కలరాతో ఈ ఎత్తు సాగదు. దాని నోరు నొక్కితే తాను ఒంటరినే అనుకుని ఇంకా విషం చేస్తుంది. దానికి గుంపు ఉందని నమ్మించాలి. 2010లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు హాని చేయని ఒక ఈ-కోలై బాక్టీరియా రకానికి కలరా క్రిమి సంకేతాన్ని తయారుచేయడం నేర్పారు. దాన్ని ముందుగా తాగించిన ఎలుక పిల్లలకు తర్వాత కలరా క్రిములు ఇచ్చారు. ఆ పిల్లల్లో ఎక్కువ భాగం బతికాయి.