పీసీఓఎస్ ఉంటే గర్భం ఎలా? ముందు అండం సంగతి తేల్చుకోండి

[తెరపై: అల్ట్రాసౌండ్ చిత్రం. అండాశయం అంచు వెంట వరసగా చిన్న చిన్న నల్ల చుక్కలు.]

స్కాన్ రిపోర్టులో ‘పాలీసిస్టిక్ ఓవరీస్’ అని చూడగానే, ఇక పిల్లలు పుట్టరేమోనని చాలామంది బెంగపెట్టుకుంటారు. ఆ బెంగ అక్కర్లేదు. పీసీఓఎస్ (పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్, అంటే అండం సరిగ్గా విడుదలకాని హార్మోన్ల సమస్య) ఉన్నవాళ్ళలో ఎక్కువమంది తల్లులవుతారు. కొందరికి మందుల అవసరమే రాదు, చాలామందికి మాత్రలతో సరిపోతుంది.

ఈ నల్ల చుక్కలు చూడండి. నీటిబుడగలు అంటుంటారే, అవి ఇవే. ఇవి గడ్డలు కావు, కోసి తీసేయాల్సినవీ కావు. ఒక్కో బుడగలో ఒక్కో అండం ఉంటుంది. మామూలుగా ప్రతి నెలా వాటిలో ఒకటి ఇంచుమించు 20 మిల్లీమీటర్ల దాకా పెరిగి, పగిలి, అండాన్ని వదులుతుంది. పీసీఓఎస్‌లో చాలా బుడగలు పెరగడం మొదలుపెట్టి, 10 మిల్లీమీటర్లు కూడా దాటకుండానే ఆగిపోతాయి. అండాలకు కొదవ లేదు. అవి బయటికి రావడం లేదు, అంతే.

ఎందుకు ఆగిపోతాయి? చాలామందిలో ఇన్సులిన్ పాత్ర ఉంటుంది. ఒళ్ళు ఇన్సులిన్ మాట సరిగ్గా వినకపోతే, క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది. అది అండాశయాల చేత టెస్టోస్టెరాన్ లాంటి హార్మోన్లను ఎక్కువగా చేయిస్తుంది. గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు, ఆగిపోయిన అండం, అన్నీ దాని వల్లే. సన్నగా ఉన్నవాళ్ళకీ ఇది ఉండొచ్చు. కాబట్టి లావు వల్లే వచ్చిందని ఎవరైనా నిందిస్తే పట్టించుకోకండి.

[తెరపై: 40 రోజుల క్యాలెండర్. 26వ రోజు మీద ఎర్ర గుర్తు.]

ఇప్పుడు అసలు విషయం. ‘14వ రోజున కలవండి’ అనే సలహా మీరు వినే ఉంటారు. అది 28 రోజులకోసారి నెలసరి వచ్చేవాళ్ళ లెక్క. అండం విడుదలైన దాదాపు 14 రోజులకు నెలసరి వస్తుంది కాబట్టి, లెక్క వెనక నుంచి కట్టాలి. మీ నెలసరి 40 రోజులకు వస్తే, అండం విడుదలయ్యేది 26వ రోజు ప్రాంతంలో. మీరు 14వ రోజు చుట్టూ ప్రయత్నించి ఊరుకుంటే ఆ నెల వృథా అయినట్టే. అండం విడుదలైందో లేదో తెలుసుకోవడానికి 21వ రోజున చేసే ప్రొజెస్టిరాన్ పరీక్షదీ ఇదే గొడవ. మీకు అది 33వ రోజు దగ్గర చేయాలి. తప్పు రోజున చేసిన పరీక్షలో తక్కువ వచ్చిందని ఎంతమంది కుమిలిపోతారో!

ఇంట్లో వాడే ఓవులేషన్ స్ట్రిప్పులనూ పూర్తిగా నమ్మలేం. అండం విడుదలకు ముందు పెరిగే ఎల్‌హెచ్ హార్మోన్‌ని అవి చూస్తాయి. అది పీసీఓఎస్‌లో మామూలు రోజుల్లోనే ఎక్కువగా ఉండొచ్చు, అందుకే గీత ఊరికే కనిపిస్తుంటుంది. రోజు విడిచి రోజు స్కాన్ చేసి బుడగ ఎంత పెరిగిందో చూసే ఫాలిక్యులర్ స్కాన్ ఇంతకన్నా నమ్మకమైనది. అదేమీ వద్దనుకుంటే, రెండు మూడు రోజులకోసారి కలుస్తూ ఉండటమే తేలిక. వీర్యకణాలు లోపల 5 రోజుల వరకూ బతుకుతాయి, అండం మాత్రం ఒక్క రోజే.

[తెరపై: మాత్రల స్ట్రిప్.]

ఇది జాగ్రత్తగా వినండి. నెలసరి రావడానికని ఇచ్చే మాత్రలు రక్తస్రావం తెప్పిస్తాయి, అండాన్ని విడుదల చేయించవు. పైగా పీసీఓఎస్‌కి రాసే మాత్రల్లో కొన్ని గర్భనిరోధక మాత్రలే. అవి మింగుతూ గర్భం కోసం ఎదురుచూడటం కన్నా అన్యాయం ఏముంటుంది? ‘నేను పిల్లల కోసం ప్రయత్నిస్తున్నాను, ఈ మాత్ర దేనికి?’ అని డాక్టర్‌ని నేరుగా అడగండి.

అండాన్ని విడుదల చేయించడానికి ఇప్పుడు మొదట ఇచ్చేది లెట్రోజోల్. నెలసరి మొదలైన తొలి రోజుల్లో, 5 రోజుల పాటు వేసుకుంటారు. 2014లో 750 మంది మీద వచ్చిన అధ్యయనంలో లెట్రోజోల్ వాడినవాళ్ళలో 27.5 శాతం మందికి, పాత మందు క్లోమిఫిన్ వాడినవాళ్ళలో 19.1 శాతం మందికి బిడ్డలు పుట్టారు. అదీ గరిష్ఠంగా 5 నెలల వాడకంలోనే. కొందరికి, ఒళ్ళు ఇన్సులిన్ మాట వినేలా చేసే మెట్‌ఫార్మిన్ కూడా కలుపుతారు. మాత్రలు పనిచేయకపోతే ఇంజెక్షన్లు, ఆ తర్వాతే ఐవీఎఫ్. బరువు ఎక్కువగా ఉంటే, అందులో 5 నుంచి 10 శాతం తగ్గినా కొందరికి అండం దానంతటదే విడుదలవుతుంది.

మందులు మొదలుపెట్టేముందే భర్తకి వీర్యపరీక్ష చేయించండి. ఆమెకి నెలల తరబడి మందులు వాడించి, చివర్లో ఆయన పరీక్ష గుర్తుచేసుకోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం. ఆమెకి థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోన్) కూడా చూడాలి.

ఎన్నాళ్ళు ఆగాలి? మామూలుగా 35 ఏళ్ళలోపు వాళ్ళను ఏడాది, ఆ పైవాళ్ళను 6 నెలలు ప్రయత్నించమంటారు. కానీ మీ నెలసరి 35 రోజులు దాటి వస్తుంటే ఆగొద్దు, ఇప్పుడే డాక్టర్‌ని కలవండి. ఫోలిక్ యాసిడ్ గర్భం రాకముందే మొదలుపెట్టాలి, సాధారణ మోతాదు రోజుకి 400 మైక్రోగ్రాములు. పీసీఓఎస్ ఉన్నవాళ్ళకి గర్భంలో షుగర్ వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే గ్లూకోజ్ తాగించి చేసే షుగర్ పరీక్ష గర్భానికి ముందు ఒకసారి, మళ్ళీ 24 నుంచి 28 వారాల మధ్య ఒకసారి తప్పకుండా చేయించుకోండి.