ఒక తేదీకి అటూ ఇటూ

అధ్యక్షులవారికి, గ్రంథాలయ కమిటీ పెద్దలకు, ఇంత ఎండలో వచ్చిన మీ అందరికీ నమస్కారం. వేదిక మీది పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పావుగంటా అక్కడే అయిపోతుంది, ఏమీ అనుకోకండి.

'సామాజిక వ్యవస్థలు, మార్పు' అని కార్డులో వేశారు. అంత పెద్ద మాటలు నాకెందుకు గానీ, ఆడపిల్ల ఆస్తి సంగతి మాట్లాడతాను. "తాతల నాటి ఆచారం, మార్చడానికి మనమెవరం?" అంటారు కదా. కొడుక్కి పుట్టుకతోనే వాటా అన్న పద్ధతి మనకు మితాక్షర నుంచి వచ్చింది. చాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి రాసిన వ్యాఖ్యానం అది. బెంగాల్లో జీమూతవాహనుడు రాసిన దాయభాగం అనే ధర్మశాస్త్ర గ్రంథం నడిచింది. అక్కడ తండ్రి బతికుండగా కొడుక్కి హక్కే లేదు. కేరళలో నాయర్ల ఇళ్లలో అయితే వారసత్వం తల్లి వైపు నుంచి వచ్చేది. దేవుడే రాసి ఉంటే ప్రాంతానికో రకంగా రాస్తాడా?

1956 హిందూ వారసత్వ చట్టం కూడా ఉమ్మడి ఆస్తిలో కూతుర్ని కొడుకు పక్కన కూర్చోబెట్టలేదు. మన దగ్గర ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో ఆ పని చేసి, 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తిస్తుందంది. కానీ ఒక మెలిక పెట్టారు. ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లకు వర్తించదు.

మా అక్క పెళ్లి 1984లో. నాది 1988లో. వినండి, ఇది మాత్రం వినండి. ఒకే తల్లి కడుపున పుట్టాం, ఒకే కంచంలో తిన్నాం. చట్టం దృష్టిలో నేను వాటాదారుని, అక్క కాదు! ఇరవై ఏళ్లు అలాగే నడిచింది. 2005 సెప్టెంబర్ 9న కేంద్రం సవరణ అమల్లోకి వచ్చాక అక్కకీ హక్కు వచ్చింది. ఆ గీత గీసిందీ మనుషులే, చెరిపిందీ మనుషులే.

వచ్చి ఏం లాభం? నాన్న పోయాక అన్నయ్య కారు పంపించాడు. చెరో పట్టుచీర. రిజిస్ట్రార్ ఆఫీసులో మా వాటా వదులుకుంటున్నట్టు కాగితాలు అప్పటికే టైపు చేయించి ఉన్నాయి. "ఒక్క సంతకమే కదమ్మా, కట్నం అప్పుడే ఇచ్చాం కదా" అన్నాడు. కట్నం పోయింది అత్తింటి బీరువాలోకి. అక్క పేరున సెంటు భూమి లేదు. అయినా సంతకం పెట్టింది, పుట్టింటి రాకపోకలు ఆగిపోతాయన్న భయంతో. నేను పెట్టలేదు. అప్పట్నుంచీ నాకు పండక్కి పిలుపు లేదు. నా మేనల్లుడి పెళ్లి ఫోటోలు వాట్సాప్‌లో చూశాను.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, చూడనివ్వండి. తండ్రి ఎప్పుడు పోయినా కూతురి హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. ఇక మిగిలింది ఇళ్లలో ఉన్న మనమే.

వెనక వరసలో నిలబడ్డ అన్నదమ్ములూ, మిమ్మల్నే అడుగుతున్నాను. నాన్న పోయాక తహసీల్దారు ఆఫీసులో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకుంటారు కదా, అందులో అక్కచెల్లెళ్ల పేర్లు రాయించినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి, చూస్తాను.