వేసవి ఇంటర్న్‌షిప్: లద్దె పురుగుల్ని ల్యాబ్‌లో పెంచడం ఎలా?

నమస్కారం. జువాలజీయో, అగ్రికల్చర్ బీఎస్సీయో చదువుతూ ఈ వేసవికి పురుగుల పరిశోధనలో ఇంటర్న్‌షిప్ దొరికిందా? అయితే ఈ వీడియో మీకే. గుంటూరు నుంచి అమరావతి వెళ్లే దారిలో లాం ఫారం ఉంది కదా, అలాంటి పరిశోధన స్థానంలో మే నెలలో మీ చేతికి ఏ పని వస్తుందో చూపిస్తాను.

చాలామంది మిరప చేలో తామర పురుగులు లెక్కపెట్టొచ్చని వస్తారు. 2021లో నల్ల తామర పురుగు మన మిరప పూతను ఎలా పాడుచేసిందో ఇక్కడ తెలియని వాళ్లు లేరు, కాబట్టి ఆ ఆశ సహజమే. కానీ మే నాటికి కోతలు అయిపోయి, కాయ కోల్డ్ స్టోరేజీలకు చేరిపోతుంది. పత్తి కట్టె కూడా పీకేసి ఉంటారు. అందుకే వేసవిలో పని చాలావరకు ల్యాబ్‌లో, ప్లాస్టిక్ డబ్బాలతోనే. నన్నడిగితే కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇదే మంచిది. గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా అన్ని దశలూ ఒకే బల్ల మీద చూడొచ్చు.

పొగాకు లద్దె పురుగుతో మొదలుపెడదాం. పొగాకు, మిరప, మినుము, వేరుశనగ, దేన్నీ వదలదు. ఆముదం ఆకంటే మరీ ఇష్టం. మిరప చుట్టూ ఆముదాన్ని ఎర పంటగా వేసేది అందుకే. ఆ ఆకులు తిప్పి చూడండి. ఇదిగో, గోధుమ రంగు నూగు కప్పిన ఈ ముద్దే గుడ్లు. ఆకు ముక్కతో సహా కత్తిరించి డబ్బాలో పెట్టండి. తేదీ, ఊరు, పంట పేరు పెన్సిల్‌తో రాసిన చీటీ లోపల వేయండి. పెన్నుతో రాస్తే తడికి చెరిగిపోతుంది.

మూడు నాలుగు రోజుల్లో పిల్ల పురుగులు వస్తాయి. వేళ్లతో పట్టుకోవద్దు, నలిగిపోతాయి. మెత్తటి బ్రష్ కొస తడిపి ఎత్తండి.

ఇక రోజూ చేసే పని. ఎండ ఎక్కకముందే ఆకులు కోసుకురండి. కడిగి, నీడలో పూర్తిగా ఆరనివ్వండి. డబ్బాలో తడి నిలిచిందంటే జబ్బు వచ్చినట్టే. ఆకు కాడకు తడి దూది చుడితే వాడిపోదు. అడుగున వేసిన కాగితాన్ని, పురుగు పెంటను రోజూ తీసేయాలి. పురుగులు పెరిగేకొద్దీ డబ్బాకు కొన్ని చొప్పున విడదీయండి. ఆదివారం సెలవు మీకే, వాటికి లేదు. ఎవరు వస్తారో తోటివాళ్లతో ముందే మాట్లాడుకోండి.

ఈ డబ్బా చూడండి. ఒక పురుగు మూతకు తలకిందులుగా వేలాడుతోంది, ఒళ్లు నల్లబడి మెత్తగా అయిపోయింది. ఇది ఎన్‌పీవీ, అంటే లద్దె పురుగులకు సోకే న్యూక్లియర్ పాలీహెడ్రోసిస్ వైరస్ లక్షణం. పొలంలో ఇదే వైరస్‌ను రైతులు లద్దె పురుగు మీద మందుగా కొడతారు. మన బల్ల మీద మాత్రం ఇది వచ్చిందంటే పక్క డబ్బాలకూ పాకుతుంది. ఆ డబ్బాను వెంటనే వేరు చేయండి. ఆ బ్రష్ ఇంకో డబ్బాలో పెట్టొద్దు. బల్లను బ్లీచింగ్ నీళ్లతో తుడవండి.

రికార్డులో తేదీ, బతికినవి, చచ్చినవి, కుబుసం విడిచినవి రాయండి. విడిచిన తల చిప్ప డబ్బాలో దొరుకుతుంది, అదే గుర్తు. చచ్చినవి రాయడానికి కొందరు మొహమాటపడతారు. అవి లేని లెక్క ఎందుకూ పనికిరాదు. గది ఉష్ణోగ్రత కూడా రాయాలి. 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. మన గుంటూరు ఎండలో కరెంటు పోయిన రోజున వేడి ఎంత పెరిగిందో రాయకపోతే, పురుగు ఎందుకు తొందరగా ఎదిగిందో తర్వాత ఎవరూ చెప్పలేరు.

తిండి మానేసి ముడుచుకుంటున్న పురుగుల్ని కొద్దిగా తడిపిన మట్టి ఉన్న డబ్బాలోకి మార్చండి. అక్కడ ప్యూపాలు అవుతాయి, అంటే రెక్కల పురుగుగా మారే ముందు తిండి లేకుండా ఉండే దశ. మైక్రోస్కోప్ కింద తోక వైపు చూడండి: జననాంగపు చీలిక పొట్ట ఎనిమిదో ఖండం మీద ఉంటే ఆడది, తొమ్మిదో దాని మీద ఉంటే మగది. రెక్కల పురుగులు బయటికొచ్చాక తేనె నీళ్లలో ముంచిన దూది పెట్టండి, మళ్లీ గుడ్లు వస్తాయి. మొత్తం చక్రానికి ఇంచుమించు నెల పడుతుంది. అంటే రెండు నెలల్లో రెండు తరాలు చూడొచ్చు.

వెళ్లిపోయే ముందు మిగిలిన పురుగుల్ని జాలిపడి కిటికీలోంచి వదలకండి, పక్కనే రైతుల చేలున్నాయి. డబ్బాలతో సహా ఒక రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచి, ఆ తర్వాతే పారేయండి.