లేత్ మీద పాడైన చెక్కను దక్కించుకోవడం: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: నమస్కారం. చెక్కను గిరగిరా తిప్పుతుంటే ఉలి ఆనించి చెక్కే యంత్రమే లేత్. దాని మీద చేస్తుండగా పాడైన చెక్క వస్తువుల గురించి ఈ రోజు అడగవచ్చు. చెక్కపని నేర్పే మాస్టారు స్టూడియోలో ఉన్నారు. కూకట్‌పల్లి నుంచి మొదటి ఫోను.

కూకట్‌పల్లి శ్రోత: మామిడి చెక్కతో గిన్నె తీస్తుంటే ఉలి అడుగుకు తగిలి రూపాయి బిళ్లంత రంధ్రం పడింది. ఇంక పనికిరాదా?

మాస్టారు: ఎందుకు పనికిరాదు? రంధ్రాన్ని శుభ్రంగా గుండ్రంగా చేయండి. నల్లటి ఇరుగుడు చెక్కతో దానికి సరిపడా బిళ్ల తయారుచేసి, గిన్నె నార ఎటు ఉందో బిళ్ల నార కూడా అటే ఉండేలా అతికించండి. నార అడ్డం తిరిగితే వానాకాలంలో చెక్క ఉబ్బి బిళ్ల ఊడుతుంది. అతుకు పూర్తిగా గట్టిపడ్డాకే యంత్రం మీద పెట్టాలి. ముఖానికి కవచం ఉందా?

కూకట్‌పల్లి శ్రోత: కళ్లద్దాలు ఉన్నాయండీ.

మాస్టారు: కళ్లద్దాలు చాలవు. ముఖమంతా కప్పే కవచం కొనండి, ఆ తర్వాతే పని.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. మల్కాజిగిరి నుంచి మరొకరు. చెప్పండమ్మా.

మల్కాజిగిరి శ్రోత: నమస్కారం మాస్టారూ. మా ఇంటి ముందు వేపచెట్టు గాలివానకు పడిపోయింది. మా మామగారు నాటిన చెట్టు. కోసినవాళ్లు లారీలో ఎక్కిస్తుంటే ఒక మొద్దు అడిగి ఉంచుకున్నాను. మా అబ్బాయి లేత్ కొని మేడ మీద పెట్టి ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోయాడు. ఊరికే పడి ఉందని నేనే నేర్చుకున్నాను. గిన్నె చేశాను, ఎంత బాగా కుదిరిందో! వారం తిరిగేసరికి అంచు నుంచి అడుగుదాకా పగులు. మా ఆడపడుచు పొయ్యిలో పెట్టమంటుంది. నాకు మనసు రావడం లేదు.

మాస్టారు: పొయ్యిలో పెట్టకండి. మొద్దు నట్టనడుమ చిన్న చుక్కలా ఉంటుందే, అది గిన్నె అడుగున ఉందా?

మల్కాజిగిరి శ్రోత: ఉందండీ. చూడ్డానికి బాగుందని అలాగే ఉంచాను.

మాస్టారు: పగులుకు మూలం అదే. చెక్క ఆరేటప్పుడు అన్ని వైపులా ఒకేలా ముడుచుకోదు. నడుమ నుంచి బెరడు వైపు ముడుచుకునేదానికి దాదాపు రెండింతలు వలయాల వెంట ముడుచుకుంటుంది. నడిమి చుక్క లోపలే ఉంటే ఆ లాగుడుకు ఎక్కడో ఒకచోట చీలక తప్పదు. పచ్చి వేప అయితే మరీను.

మల్కాజిగిరి శ్రోత: పగుల్లో జిగురు పోసి మళ్లీ లేత్ మీద తిప్పి నునుపు చేయవచ్చా?

మాస్టారు: అమ్మా, పగులు గోడ దాటి అవతలికి కనిపిస్తోందా?

మల్కాజిగిరి శ్రోత: వెలుతురు కనిపిస్తోంది.

మాస్టారు: అయితే యంత్రం మీద పెట్టవద్దు. చేత్తోనే బాగుచేద్దాం. ముందు అది పూర్తిగా ఆరాలి. ప్రతి ఆదివారం వంటింటి తక్కెడలో తూచి రాసుకోండి. బరువు తగ్గడం ఆగిందంటే పగులు ఇక పెరగదు. అప్పుడు పగులుకు అటూ ఇటూ సన్నని రంధ్రాలు వేసి రాగి తీగతో కుట్టండి. పగులు దాచడానికి తంటాలు పడకండి. ఆ రాగి కుట్టే గిన్నెకు అందం.

మల్కాజిగిరి శ్రోత: రాగి తీగా! అది బాగుంది. మరి రంపపు పొట్టు?

మాస్టారు: వెంట్రుకవాసి చీలికలకు అదే వేప పొట్టు కూరి, పైన ఫెవిక్విక్ చుక్కలు వేయండి. కిటికీలు తెరిచి ఉంచండి, ఆ పొగ కళ్లు మండిస్తుంది. దూదితో గానీ నూలుగుడ్డతో గానీ తుడవకండి, వేడెక్కి చెయ్యి కాలుతుంది. వెడల్పు పగులైతే రెండు గొట్టాల్లో వచ్చే అరాల్డైట్ జిగురులో ఇత్తడి పొడి కలిపి నింపండి. అలాంటి గిన్నెలో పండ్లు, వేరుశనక్కాయలు పెట్టుకోండి. చారు పోయకండి.

మల్కాజిగిరి శ్రోత: సరేనండీ. కానీ బాగా నెమ్మదిగా తిప్పితే? ఒక్క అంచు మాత్రమే...

మాస్టారు: వద్దన్నాను కదమ్మా! నెమ్మదిగా తిరిగినా ఉలి తగలగానే ముక్క ఎగురుతుంది, ఎగిరేది మీ ముఖం వైపే. అంచుకు ఉప్పు కాగితం చాలు. ఒళ్లో పెట్టుకుని రుద్దండి. మొద్దు ఇంకా మిగిలి ఉందా?

మల్కాజిగిరి శ్రోత: మూడొంతులు ఉంది. మేడ మీద ఎండలో ఆరబెట్టాను.

మాస్టారు: అయ్యో, ఈ రోజే నీడకు దించండి. నడిమి చుక్క మీదుగా నిలువునా రెండుగా కోయించండి, కోసిన చివరలకు మైనం పూయండి. ఈసారి గిన్నె ఒక్కసారిగా పూర్తిచేయవద్దు. పది అంగుళాల గిన్నెకు గోడ అంగుళం మందం ఉంచి, దాని పొట్టుతోనే కాగితం సంచిలో పెట్టి నెలల తరబడి ఆరనివ్వండి. వంకర పోతుంది, పోనివ్వండి. ఆ మందం ఉంచేది వంకరను మళ్లీ చెక్కుకోవడానికే. మామగారి చెట్టన్నారు కదా, తొందరపడకండి. చీర కొంగు దోపుకుని, జుట్టు ముడేసుకుని లేత్ దగ్గరికి వెళ్లండి. చేతికి తొడుగులు వద్దు.

వ్యాఖ్యాత: మంచిదమ్మా. తర్వాత ఉప్పల్.

ఉప్పల్ శ్రోత: బొంగరాలకు లక్క పూస్తే మచ్చలు మచ్చలుగా వస్తోందండీ. ఏటికొప్పాక బొమ్మలంత నునుపు రావడం లేదు.

మాస్టారు: అక్కడివాళ్లు వాడేది అంకుడు కర్ర. మెత్తన, నార సన్నం. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన పని అది, ఊరికే రాలేదు. మీ కర్ర పచ్చిగా ఉందేమో చూడండి, తడి కర్ర లక్కను పట్టదు. లక్క కరిగేది రాపిడి వేడికే. తిరుగుతున్న బొంగరానికి లక్క కడ్డీని నిలకడగా ఒత్తి, కరిగాక మొగలి ఆకుతో పరచండి. ఇప్పటికే మచ్చలు పడినవాటిని పారేయనక్కరలేదు. లక్కను ఉలితో పైపైన గీకేసి మళ్లీ పూయండి. బొంగరం కాస్త సన్నబడుతుంది, అంతే.

వ్యాఖ్యాత: వనస్థలిపురం, క్లుప్తంగా.

వనస్థలిపురం శ్రోత: తుమ్మ కర్రతో మంచం కోడు తిప్పుతుంటే ఒకచోట నార చీరుకుపోయింది. ఎంత రుద్దినా పోవడం లేదు.

మాస్టారు: రుద్దితే పోదు, చుట్టూ ఉన్న మెత్తని భాగం అరిగి గుంట పడుతుంది. ఉలి నూరండి. చీరిన చోట నూనె రాసి, పైపైన సన్నగా ఒక వరస తీయండి. అప్పటికీ మిగిలితే అక్కడే ఒక గాడి తీసి, మిగతా మూడు కోళ్లకూ అదే గాడి పెట్టండి. కొలత చూసేటప్పుడు యంత్రం ఆపండి.

వనస్థలిపురం శ్రోత: ఆపకుండా కూడా కొలవవచ్చని...

మాస్టారు: ఎవరు చెప్పినా వినకండి. పూర్తిగా ఆగాకే కొలవండి.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. మాస్టారికి, ఫోను చేసినవారికి ధన్యవాదాలు. నమస్కారం.