విస్తట్లో కూరకు ఎంత చోటు?

(కావలిలో పెన్షనర్ల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలందరికీ నమస్కారం. ఈ నెల కొలెస్ట్రాల్ గురించి చెప్పమన్నారు కార్యదర్శిగారు. నేను వైద్య విద్యార్థులకు బయోకెమిస్ట్రీ పాఠాలు చెప్పినవాణ్ని, మందులు రాసే డాక్టర్ని కాను. కాబట్టి ఏ మాత్ర వేసుకోవాలో నన్ను అడగకండి. తిన్నది రక్తంలోకి ఎలా చేరుతుందో, అక్కడ ఏమవుతుందో మాత్రం చెప్పగలను.

చాలామంది రిపోర్టులు వెంట తెచ్చుకున్నారు. లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలోని కొవ్వుల పరీక్ష, అని రాసిన కాగితం తీయండి. మొదటి వరుసలో టోటల్ కొలెస్ట్రాల్ ఉంటుంది. అది 200 దాటలేదంటే కాగితం మడిచి జేబులో పెట్టేసుకుంటాం. కానీ దాని కింద ఉన్నవాటిలోనే అసలు సంగతి ఉంది. ఎల్‌డీఎల్ లివర్ నుంచి కొలెస్ట్రాల్‌ని ఒంట్లోకి మోసుకెళ్తుంది. అది ఎక్కువై రక్తనాళాల గోడల్లో పేరుకుంటేనే గుండెకు ముప్పు. హెచ్‌డీఎల్ మిగిలిపోయినదాన్ని వెనక్కి తెస్తుంది. ఇక ట్రైగ్లిజరైడ్లు. ఇవి అసలు సిసలు కొవ్వు, ఒంటికి ఇంధనం. 150 లోపు ఉండాలి. మన ఇళ్లలో ఎవరూ పట్టించుకోని వరుస ఇదే.

ఎందుకు పట్టించుకోవాలో చెబుతాను. భారత వైద్య పరిశోధన మండలి వాళ్లు తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో పెద్ద సర్వే చేసి 2014లో లెక్కలు బయటపెట్టారు. టోటల్ కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్నవాళ్లు నూటికి 14 మందే. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్నవాళ్లు దాదాపు 30 మంది. హెచ్‌డీఎల్ తక్కువగా ఉన్నవాళ్లు 72 మంది. సర్వే మన రాష్ట్రంలో జరగలేదు, నిజమే. కానీ తడ దాటితే తమిళనాడే కదా, వాళ్ల తిండికీ మన తిండికీ అంత తేడా ఏముంది? అన్నం దగ్గర ఇద్దరం ఒకటే.

ఇప్పుడు కూరగాయల సంగతికి వద్దాం. కూరగాయలు తింటే కొలెస్ట్రాల్ తగ్గుతుందని అందరూ చెబుతారు. ఎలా తగ్గుతుందని అడిగితే 'పీచు ఉంటుంది కదండీ' అని ఊరుకుంటారు. ఆ పీచు ఎక్కడ, ఏం చేస్తుందో చూద్దాం.

లివర్ పైత్యరసం తయారుచేస్తుంది. నూనె జిడ్డు మీద సబ్బు ఎలా పనిచేస్తుందో, పేగులో మనం తిన్న కొవ్వు మీద పైత్యరసం అలా పనిచేస్తుంది. ఇందులోని లవణాలను లివర్ దేంతో చేస్తుందనుకున్నారు? కొలెస్ట్రాల్‌తోనే. మళ్లీ అది మహా పొదుపరి. పేగులోకి వదిలిన లవణాల్లో నూటికి 95 వంతులు పేగు చివర వెనక్కి పీల్చుకుని మళ్లీ వాడుకుంటుంది. ఇక్కడే పీచు అడ్డుపడుతుంది. నీళ్లలో కలిసి జిగురుగా మారే పీచు పైత్య లవణాలను తనలో చిక్కించుకుని బయటికి తీసుకుపోతుంది. లివర్‌కు లవణాలు తక్కువ పడతాయి. కొత్తవి చేసుకోవాలంటే ముడిసరుకు కావాలి, రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్‌ను లాక్కుంటుంది. కొలెస్ట్రాల్ తగ్గడానికి మీలో చాలామంది రాత్రిపూట వేసుకునే స్టాటిన్ మాత్ర వేరే దారిలో వచ్చినా, చివరికి లివర్ చేత చేయించేది కూడా ఇదే పని.

జిగురు పీచు ఎందులో ఉంటుందో మన ఆడవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. బెండకాయ కోస్తే చేతికి అంటుకునేది అదే. ఆ జిగురు పోవాలనే గంటసేపు వేపుతారు! వేపినా పీచు చాలావరకు అందులోనే ఉంటుంది లెండి, కానీ దానికి తోడు నాలుగు గరిటెల నూనె కూడా వచ్చి చేరుతుంది. వంకాయ, బీన్స్, చిక్కుడు, క్యారెట్, జామ, యాపిల్, బత్తాయి తొనల మీది తెల్లటి పొర, వీటన్నిటిలోనూ ఈ పీచు ఉంది. గోరుచిక్కుడు గింజల నుంచి తీసే జిగురును ఐస్‌క్రీం చిక్కబడటానికి వాడతారు, చమురు బావులు తవ్వేచోట కూడా వాడతారు. గోరుచిక్కుడును మనం పేదింటి కూర కింద చూస్తాం. పెళ్లి భోజనంలో అది వడ్డించగా నేనైతే ఎక్కడా చూడలేదు.

మరి ఎంత తగ్గుతుంది? ఇక్కడ కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి, ఎందుకంటే వాట్సాప్‌లో తిరిగే మాటలకూ లెక్కలకూ పొంతన ఉండదు. రోజుకు 5 నుంచి 10 గ్రాముల జిగురు పీచు తింటే ఎల్‌డీఎల్ సుమారు 5 శాతం తగ్గుతుంది. అమెరికాలో 4,466 మందిని పరిశీలించి 2004లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. పండ్లూ కూరగాయలూ రోజుకు నాలుగు వడ్డనలకు పైగా తినేవాళ్లలో ఎల్‌డీఎల్, రెండు వడ్డనలు కూడా తిననివాళ్ల కంటే ఆరేడు శాతం తక్కువగా ఉంది. వినడానికి బాగుంది. కానీ కూరలు ఎక్కువ తినేవాళ్లు నాలుగడుగులు ఎక్కువ నడుస్తారు, సిగరెట్ జోలికి తక్కువ పోతారు. ఆ తగ్గుదలలో కూర వాటా ఎంత, నడక వాటా ఎంత అని విడదీయడం కష్టం.

అందుకే మనుషులకు వండిపెట్టి, తినిపించి చూసిన ప్రయోగాలు నాకు ఎక్కువ నచ్చుతాయి. అమెరికాలోనే డాష్ అనే ప్రయోగం జరిగింది, బీపీ కోసం మొదలుపెట్టింది. అందులో 436 మంది రక్తంలోని కొవ్వుల లెక్కలు 2001లో వచ్చాయి. కొందరికి మామూలు తిండే పెట్టి, పండ్లూ కూరగాయలూ మాత్రం పెంచారు. ఇంకొందరికి పండ్లూ కూరగాయలూ పెంచడంతో పాటు వెన్న, మాంసపు కొవ్వు లాంటివి తగ్గించారు. రెండో జట్టులో ఎల్‌డీఎల్ డెసిలీటరు రక్తానికి సుమారు 11 మిల్లీగ్రాములు తగ్గింది, మీ రిపోర్టులోని అంకెలూ ఇదే కొలతలో ఉంటాయి. మొదటి జట్టులో చెప్పుకోదగ్గ మార్పేమీ రాలేదు.

ఈ ఫలితం చూసి కూరగాయలు పనికిరావని అనుకునేరు. నాకు అర్థమైంది ఇంకొకటి. కూర విస్తట్లోకి వచ్చి ఇంకొకదాన్ని బయటికి నెట్టాలి. అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచి, పైన ఓ కప్పు సలాడ్ పెట్టుకుంటే పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఈ రోజు ఇక్కడ నేను చెప్పదలచుకున్న మాట ఇదొక్కటే.

మరి మన విస్తట్లోంచి ఏది బయటికి పోవాలి? అమెరికావాళ్లకైతే వెన్న, మాంసం. మనకు ముందు పోవాల్సింది అన్నం. నెల్లూరు జిల్లాలో నిలబడి ఈ మాట అంటున్నందుకు మన్నించాలి! మొలగొలుకుల అన్నం తిని పెరిగిన నోళ్లు మనవి. పెన్నా కింద, చెరువుల కింద పండేదంతా వరే. అన్నం కుప్పగా పోసుకుని, కూర గోరంత వేసుకుని, పప్పుతో ఒకసారి, పులుసుతో ఒకసారి, చారుతో ఒకసారి, మజ్జిగతో ఒకసారి తింటాం. నాలుగుసార్లూ కలిపింది అన్నమే. పొలం పనులు చేసిన కాలంలో అది కరిగిపోయేది. ఇప్పుడు పొద్దున ఓ అరగంట నడిచి, మిగతా రోజంతా కూర్చుంటున్నాం. ఖర్చుకాని పిండిపదార్థాన్ని లివర్ కొవ్వుగా మార్చి రక్తంలోకి వదులుతుంది. రిపోర్టులో అది ట్రైగ్లిజరైడ్ల వరుసలో కనిపిస్తుంది. అది పెరిగేకొద్దీ హెచ్‌డీఎల్ తగ్గుతుంది. నెయ్యి మానేశాను, గుడ్డులో పచ్చసొన తీసేస్తున్నాను, అయినా ట్రైగ్లిజరైడ్లు 280 ఎందుకున్నాయని అడిగేవాళ్లకు జవాబు వాళ్ల కంచంలోనే ఉంటుంది. సాయంత్రం మందు అలవాటున్నవాళ్లకు గ్లాసులో కూడా ఉంటుంది. ఆ మాట ఇంతటితో ఆపేస్తాను, ఇక్కడ అమ్మలందరూ ఉన్నారు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త సూచనలు ఇచ్చింది. 2,000 కేలరీల తిండికి వాళ్లు వేసిన లెక్కలో కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు ఉన్నాయి. బియ్యం, గోధుమ, రాగి, జొన్న అన్నీ కలిపి 250 గ్రాములే. అంటే పచ్చి కూరగాయల తూకం బియ్యం తూకం కంటే ఎక్కువ. ఇద్దరున్న ఇంట్లో రోజుకు ముప్పావు కేజీ పైన కూరగాయలు తెగాలి. మీ ఇంట్లో తెగుతున్నాయా? నూనె మనిషికి 27 గ్రాములే వేశారు. గుత్తి వంకాయ కూర పైన తేలే నూనె చూసి లెక్క మీరే వేసుకోండి.

ఇందులో ఆలుగడ్డను కూరగాయ కింద లెక్కపెట్టకండి. అది అన్నానికి చుట్టం. ఊరగాయ కూడా లెక్కలోకి రాదు, దాంట్లో ఉప్పూ నూనే ఎక్కువ. తోటకూర, చుక్కకూర, గోంగూర, మునగాకు మంచివి, ఎవరు జాగ్రత్తపడాలో చివర్లో చెబుతాను. సొర, బీర, పొట్ల నిండా నీళ్లే, అవి కడుపు నింపి అన్నానికి చోటు తగ్గిస్తాయి. ఒక చిన్న పని చేసి చూడండి. కంచంలో ముందు కూర వడ్డించుకోండి, సగం కంచం నిండేలా. ఆ తర్వాత మిగిలిన చోట్లో అన్నం. వరుస మారిస్తే చాలు, కొలతలు అక్కర్లేదు. ఇంట్లో గొడవ కూడా తక్కువ.

పండ్ల దగ్గరికి వస్తే మనకు కొరత లేదు. హైవే మీద ఉలవపాడు దాటేటప్పుడు సపోటా బుట్టలు, వేసవిలో బంగినపల్లి మామిడి చూసి కారు ఆపనివాళ్లు ఉండరు. తినండి, కానీ పండుగానే తినండి. మామిడి గుజ్జు 100 గ్రాముల్లో చక్కెర దాదాపు 14 గ్రాములు. పెద్ద కాయలో 300 గ్రాముల గుజ్జు ఉందనుకుంటే 40 గ్రాములకు పైమాటే. అన్నం తిన్నాక దాని మీద ఒక కాయ తింటే అది పండు లెక్కలోకి రాదు, రెండో భోజనం లెక్కలోకి వస్తుంది. నాలుగు ముక్కలు సాయంత్రం తింటే తప్పేమీ లేదు. జ్యూస్ సంగతి ఇంకా అన్యాయం. మూడు బత్తాయిలు పిండి, పిప్పి పారేసి, చక్కెర కలిపి ఇస్తారు. లివర్‌కు పనికొచ్చే పీచు చెత్తబుట్టలోకి, ట్రైగ్లిజరైడ్లు పెంచే చక్కెర కడుపులోకి. రోజువారీ తినడానికి జామకాయకు మించినది నాకు కనపడదు. చవక, పీచు ఎక్కువ, చక్కెర తక్కువ. పళ్లు సహకరించనివాళ్లు బొప్పాయి తినండి.

నిమ్మకాయ గురించి ఒక మాట చెప్పకుండా నిమ్మతోటలున్న పొదలకూరు దగ్గరివాళ్లు నన్ను వదలరు. పొద్దున్నే వేడినీళ్లలో నిమ్మరసం తాగితే కొవ్వు కరిగిపోతుందని ఒక నమ్మకం ఉంది. రక్తంలోని కొవ్వును నిమ్మరసం కరిగించదు. నిమ్మలో పీచు తొక్కలోనూ దాని లోపలి తెల్లటి పొరలోనూ ఉంటుంది, రసంలో దాదాపు ఉండదు. దాహం తీరడానికి తాగండి, చక్కెర వేసుకోకుండా. అలాగే వేరుశనగ నూనె డబ్బా మీద 'కొలెస్ట్రాల్ లేదు' అని పెద్ద అక్షరాలతో వేస్తారు. ఏ మొక్క నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు. లేనిది లేదని చెప్పి అమ్ముతున్నారు!

తిండితోనే అంతా సాధించవచ్చా అని అడుగుతారు. 2003లో కెనడాలోని టొరంటోలో ఒక ప్రయోగం చేశారు. ఓట్స్, బార్లీ, ఇసబ్‌గోల్, సోయా, బాదం, మొక్కల స్టెరాల్స్ (కొలెస్ట్రాల్‌ను పోలిన మొక్కల పదార్థాలు), వీటితో పాటు మన బెండకాయ, వంకాయ కలిపి నెల రోజులు పెట్టారు. ఎల్‌డీఎల్ దాదాపు 29 శాతం తగ్గింది. లోవాస్టాటిన్ మాత్ర ఇచ్చినవాళ్లలో 31 శాతం తగ్గింది. బెండకాయ గొప్పే, కానీ ఆ ఘనత బెండకాయ ఒక్కదానిదీ కాదు. అంత కట్టుదిట్టంగా తినడం పిల్లల ఇంటికీ పెళ్లిళ్లకూ తిరిగే మనలాంటివాళ్లకు కుదిరే పనీ కాదు. కాబట్టి గుండెకు స్టెంట్ వేయించుకున్నవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు కూరలు పెంచాం కదా అని స్టాటిన్ ఆపేయకండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, కనిగిరి వైపు నుంచి వచ్చినవాళ్లలో కొందరున్నారని విన్నాను, పండ్లూ ఆకుకూరలూ పెంచేముందు మీ డాక్టర్ని అడగండి, వాటిలోని పొటాషియం మీకు పడకపోవచ్చు. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ లాంటి మాత్రలు వాడేవాళ్లు ఆకుకూర ఒక రోజు ఎక్కువా ఒక రోజు తక్కువా తినకండి, ఎంత తిన్నా రోజూ ఒకేలా తినండి.

తిండి మార్చుకున్నవాళ్లు వారానికే ల్యాబ్‌కు పరుగెత్తకండి. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి పరీక్ష చేయించుకోండి. పాత రిపోర్టు వెంట తీసుకెళ్లండి, వీలైతే అదే ల్యాబ్‌కు వెళ్లండి. ట్రైగ్లిజరైడ్లు తిన్నదాన్ని బట్టి గంటల్లో మారిపోతాయి, కాబట్టి మీ డాక్టర్ పరగడుపున అన్నారంటే పన్నెండు గంటలు ఏమీ తినకుండా వెళ్లండి, మంచినీళ్లు తాగవచ్చు. ముందురోజు రాత్రి రిసెప్షన్‌లో మలై కాజాలు తిని, పొద్దున్నే రక్తం ఇచ్చి, అంకె చూసి టెన్షన్ పడకండి.

ఇక ప్రశ్నలు అడగండి. వెనక వరుసలో అమ్మగారు ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తుతున్నారు, చేపల పులుసు గురించే అయ్యుంటుంది. అడగండమ్మా.